అతుకు ఎక్కడ నిలుస్తుంది?
నకిరేకల్ చుట్టుపక్కల నిమ్మ, బత్తాయి తోటల్లో డ్రిప్పు పైపుకు బొక్క పడితే ముందు గుర్తొచ్చేది గట్టి జిగురే. కానీ అతుకు నిలిచేది జిగురు బలంతో కాదు, వస్తువుతో దానికి కుదిరిన పొత్తుతో. బోరు దగ్గర పీవీసీ పైపుకు పూసే సొల్యూషన్ ఉత్తగా అంటించదు. అందులోని ద్రావకం పైపు పైపొరను కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. ఫ్లెక్సీ బ్యానర్ మీదిదీ పీవీసీ పూతే కనుక వినైల్ జిగురుకు లొంగుతుంది. అదే సొల్యూషన్‌ను డ్రిప్పు పైపుకు పూస్తే ఎండి పెచ్చులూడుతుంది. అది పాలిథిన్, మామూలు వేడిమిలో ఆ ద్రావకాలకు కరగదు. వడ్లు ఆరబోసే టార్పాలిన్లూ చాలావరకు ఆ జాతివే.

ఫెవిక్విక్ అన్నిటికీ పడుతుంది కదా అంటారు. పాలిథిన్ మీద అదీ నిలవదు. పట్టినచోట కూడా ఎండాక పెళుసెక్కుతుంది, గాలి నింపితే సాగే ట్యూబుకు పనికిరాదు. పంక్చర్ షాపులో చూడండి: ట్యూబును గీకి, సొల్యూషన్ పలచగా రాసి, తడి ఆరేదాకా ఆగి, అప్పుడే ప్యాచీ వేసి సుత్తితో కొడతారు. సగం పనితనం ఆ గీకుడులో, ఆగడంలోనే ఉంది (తొందరపెట్టే గిరాకీకి ఇది నచ్చదు).

మబ్బు పట్టాక అంతసేపు ఆగేదెవరన్న మాటా న్యాయమే. అప్పటికి టార్పాలిన్ దుమ్ము తుడిచి రెండువైపులా టేపు వేయాలి. డ్రిప్పు పైపునైతే బొక్క దగ్గర కోసి జాయినర్ దూర్చడమే. అక్కడ జిగురు డబ్బా దండగ.