కన్నవారికీ వీసా కావాలి

2012 అక్టోబరు 9న స్వాత్ లోయలో, బడి వాహనంలోనే తుపాకీ గుండుకు గురైన మలాలాను ఆరు రోజులకు బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌కు తరలించారు. యు.ఎ.ఇ. అంబులెన్సు విమానాన్ని సమకూర్చింది. ఖర్చు భరించేందుకు పాకిస్తాన్ ప్రభుత్వం ముందుకొచ్చింది. పదిహేనేళ్ల ఆ బాలిక వెంట అయినవారెవరూ లేరు. తల్లికీ తమ్ముళ్లకూ పాస్‌పోర్టులు లేవు. వారిని వదిలి వెళ్లడానికి తండ్రి మనసొప్పలేదు.

స్పృహ వచ్చినా గొంతులో అమర్చిన గొట్టం మాట్లాడనివ్వలేదు. నాన్న ఎక్కడ, ఇంత వైద్యానికి డబ్బెవరిస్తారు అని ఆమె కాగితంపై రాసి అడిగింది. కుటుంబం చేరింది అక్టోబరు 25న. అంతవరకు ఒక వైద్యురాలే సంరక్షకురాలిగా నిలిచింది.

గాయపడిన బిడ్డకు ఆశ్రయమివ్వడమంటే పడక, శస్త్రచికిత్స మాత్రమే కాదు. కన్నవారి రాకకు దారి తెరవడం కూడా. ఉపఖండంలో ఆ దారి రాజకీయాలకు లోబడి ఉంటుంది. పహల్గాం దాడి తరువాత భారత్ పాకిస్తానీయుల వైద్య వీసాలకు 2025 ఏప్రిల్ 29ని గడువుగా విధించింది. హంతకులపై ఆగ్రహం న్యాయమే. అయితే గాయం మానే కాలాన్ని ఏ మంత్రిత్వశాఖా నిర్ణయించలేదు. రోగి పసివాడైతే, పక్కనున్న తల్లికీ ఆ గడువు వర్తించకూడదు.