గౌతమి ఒడ్డున ఒక వర్షాకాలం

మా బరంపురం నుంచి యానాం వెళ్ళాలంటే రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సామర్లకోటలో దిగాలి. అక్కడి నుంచి కాకినాడ. కాకినాడ నుంచి చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు దాటుకుంటూ బస్సులో సుమారు 30 కిలోమీటర్లు. రోడ్డు పక్కన బ్రాందీ షాపుల బోర్డులు వరసగా కనిపించాయంటే ఆంధ్రరాష్ట్రం దాటి పుదుచ్చేరి రాజ్యంలో అడుగు పెట్టినట్లే. భాష మారదు, యాస మారదు, కూరలో పులుపు కూడా మారదు. మారేది సర్కారు ఒక్కటే.

ఆ సర్కారు మారడం ఎంత పెద్ద సంగతో 2024 వర్షాకాలంలో మా చెల్లెలింట్లో రెండు నెలలున్నప్పుడు తెలిసింది. చెల్లెలి కూతురు ఆ ఏడు వైద్యవిద్యకు నీట్ పరీక్ష రాసింది. అది రెండోసారి. మే 5న పరీక్ష, జూన్ 4న ఫలితాలు. మార్కులు మరీ గొప్పగా లేవు, మరీ తీసికట్టుగానూ లేవు. సీటు వస్తుందనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం. అలాంటి మార్కులే మనిషిని ఎక్కువ ఏడిపిస్తాయి.

ఆ ఏడాది గొడవ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 67 మందికి 720కి 720 రావడం, ప్రశ్నపత్రం బయటికి పొక్కిందన్న కేసులు, 1563 మందికి కలిపిన అదనపు మార్కులు తీసేసి జూన్ 23న మళ్ళీ పరీక్ష పెట్టడం. జూలై 6 నుంచి కౌన్సెలింగ్ అని అందరూ అనుకుంటుండగా అది వాయిదా పడింది. ఎప్పటికన్నది ఎవరూ చెప్పలేదు. చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, ఇది అన్నం తినడం లేదు, నువ్వొచ్చి నాలుగు రోజులుండు" అంది. నేను ఉద్యోగం నుంచి రిటైరైన దాన్ని గదా, పెట్టె సర్దుకున్నాను.

యానాం మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. గోదావరి ఏడు పాయల్లో ఒకటైన గౌతమి ఒడ్డున ఉంది. ఫ్రెంచివాళ్ళు 1723లో వచ్చి, నాలుగేళ్ళకు వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు. బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లలకు పెళ్ళి చేయాలనుకున్న వాళ్ళందరూ ఇక్కడికి పరుగెత్తుకు వచ్చేవారట. కల్యాణపురం అనే పేరు అలా వచ్చిందంటారు. సరిహద్దు దాటితే చట్టం మారుతుందని ఆనాటి తల్లిదండ్రులకు బాగా తెలుసు. ఈనాటి తల్లిదండ్రులకూ తెలుసు, కాకపోతే ఇప్పుడది వాళ్ళకు అడ్డం తిరుగుతోంది.

ఎలాగంటే, యానాం నుంచి గంట ప్రయాణంలో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఉంది. 1958 నాటిది. మా పిల్లకు జ్వరం వస్తే తీసుకెళ్ళేది కాకినాడకే. కానీ ఆ కళాశాలలో అఖిల భారత కోటాకు వెళ్ళే 15 శాతం సీట్లలో పోటీ పడాలే తప్ప, యానాంలో పుట్టి పెరిగిన పిల్లకు రాష్ట్ర కోటాలో స్థానం లేదు. ఏళ్ళ తరబడి యానాం పిల్లలు చదివింది ఆంధ్రా బోర్డు పుస్తకాలే అయినా సరే. ఆమెకు 'సొంత రాష్ట్రం' అంటే ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తమిళదేశం మధ్యలో ఉన్న పుదుచ్చేరి. అక్కడి ప్రవేశాల కమిటీ సెంటాక్ ద్వారా వచ్చే సీటే సీటు. బరంపురంలోనో బళ్ళారిలోనో హోసూరులోనో పిల్లల్ని చదివించుకున్న వాళ్ళకు 'స్థానికత' అన్న మాట బరువు ఎంతో నేను వివరించక్కర్లేదు.

నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో అందరి కళ్ళూ ఫోన్ల మీదే. అమ్మాయి చేతిలో ఒకటి, తల్లి చేతిలో ఒకటి. మరిదిగారు సైకిల్ షాపు కట్టేసి వచ్చి తనది తీసేవారు. "బాధపడకమ్మా, అంతా మంచే జరుగుతుంది" అన్న మాట ఆ పిల్ల ఎన్నిసార్లు విందో! నేను ఆ మాట అనలేదు. "రేపు పొద్దున్నే నాతో రా, నాకు ఊరు తెలీదు" అన్నాను. నాకు ఊరు తెలుసు. అయినా వచ్చింది.

రోజూ ఆరింటికి బయల్దేరేవాళ్ళం. మీసాల వెంకన్న గుడి, ఫ్రెంచివాళ్ళ కాలపు చర్చి, ఏటిగట్టు. ఎదురులంక వంతెన 2002లో వచ్చింది. అంతకు ముందు అవతలి ఒడ్డుకు పంటు మీద దాటేవాళ్ళం. పంటు నిండితే గాని కదిలేది కాదు, వాన పడుతున్నా సరే. ఆ కబుర్లు చెబితే, "పంటు కనబడుతూ ఉండేది గదా పెద్దమ్మా, మాకది కూడా కనబడదు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

రేవులో చేపల వేలం దగ్గర మాత్రం పిల్ల ముఖం తేటపడేది. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుకుంటూ పులస వచ్చే కాలం అది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత గదా, ధర వింటే పుస్తెలు చాలవనిపించింది. మా ఒడిశాలో దీన్నే ఇలిశి అంటారని చెబితే అక్కడి అమ్మలు నవ్వారు, సముద్రంలో ఉన్నంతసేపే అది విలస, గోదారి నీళ్ళు తాగితేనే పులస అని నాకు పాఠం చెప్పారు.

జూలై 23న సుప్రీంకోర్టు మళ్ళీ పరీక్ష అక్కర్లేదని తేల్చింది. అయితే భౌతికశాస్త్రంలో ఒక ప్రశ్నకు రెండు జవాబులు ఒప్పుకున్నారనీ, ఢిల్లీ ఐఐటీ నిపుణులు చెప్పినట్లు ఒక్కటే సరైనదనీ కూడా తేల్చింది. రెండోది పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉన్న జవాబు. మా పిల్ల చదివింది పై తరగతి అమ్మాయి దగ్గర సగం ధరకు కొన్న ఆ పాత పుస్తకమే. వచ్చిన నాలుగు మార్కులు పోయి, తప్పుకు మరొకటి కోత. అలా అయిదేసి మార్కులు పోయిన వాళ్ళు దేశంలో నాలుగు లక్షల మందికి పైగా ఉన్నారు. జూలై 26న మారిన ర్యాంకులు వచ్చాయి. ఆ రాత్రి ఆ పిల్ల ఏడవలేదు. పాత పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి చాలాసేపు చూస్తూ కూర్చుంది. చెల్లెలు మాత్రం వంటింట్లో తలుపేసుకుంది.

ఆ నెలాఖరుకు గోదావరి ఎర్రబడింది. భద్రాచలంలో 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75. ఈ అంకెలు యానాంలో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. అక్కడి నీరు ఇక్కడికి ఎప్పటికి చేరుతుందో, ఏ వీధిలో ఏ గుమ్మం దాకా వస్తుందో జాలర్లు వేళ్ళ మీద లెక్కగట్టి చెబుతారు. సామాన్లు అటకెక్కించి, పొయ్యి ఎత్తులో పెట్టుకుని, మంచాల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఎదురుచూపుకు అలవాటుపడ్డ ఊరది. 1954 నవంబరులో పాలన భారతదేశానికి వచ్చినా, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించి చట్టరీత్యా అప్పగింత జరగడానికి 1962 ఆగస్టు 16 దాకా, ఎనిమిదేళ్ళు చూసిన ఊరు. కానీ నదికీ రాజ్యాలకూ ఉన్నట్లు పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎదురుచూపుకు హెచ్చరిక అంకెలుండవు.

కౌన్సెలింగ్ ఆగస్టు 14న మొదలైంది. ఈలోగా చేసిన మంచిపని కాగితాలు. నివాస ధృవీకరణ, కుల ధృవీకరణ, టీసీ, అన్నిటికీ మూడేసి నకళ్ళు. తాలూకా ఆఫీసుకు నేనూ అమ్మాయీ అయిదుసార్లు తిరిగాం. విసుగు పుట్టినా, తిరిగిన రోజు రాత్రి దానికి నిద్ర పట్టేది. సాయంత్రాలు పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పడం కూడా తనే మొదలుపెట్టింది. ఫోన్ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అని మరిదిగారు షరతు పెట్టారు. అందరికంటే ముందు తప్పింది ఆయనే లెండి. అన్నిటికంటే కష్టం వీధిలో పలకరింపులు. ఒకరోజు గుడి నుంచి ఇంటికి వచ్చేలోగా "సీటొచ్చిందా?" అని పదకొండు మంది అడిగారు. పిల్లే లెక్కబెట్టింది.

సెప్టెంబరులో నేను బరంపురం తిరిగి వచ్చేశాను. ఎంబీబీఎస్ మొదటి విడతలో రాలేదు, రెండో విడతలోనూ రాలేదు. దీపావళి దాటాక ఫోన్ వచ్చింది. మాహేలోని రాజీవ్ గాంధీ ఆయుర్వేద వైద్య కళాశాలలో సీటు. మాహే కూడా యానాం లాగే పాత ఫ్రెంచి ఊరు, అదీ పుదుచ్చేరి కిందే, కానీ ఉన్నది కేరళలో, అరేబియా సముద్రం ఒడ్డున. మూడో ఏడు మళ్ళీ రాయమని కొందరన్నారు. అమ్మాయి ఒక రాత్రి ఆలోచించుకుని, వెళ్తానంది. "ఆ ఊళ్ళో కూడా ఏరు ఉందటగా పెద్దమ్మా, సముద్రంలో కలిసే చోటే ఊరట" అంది ఫోన్‌లో.

మద్రాసు దాకా ఒక రైలు, అక్కడ నుంచి మంగుళూరు వైపు పోయే మరో రైలు, తలశ్శేరిలో దిగి బస్సు. మరిదిగారు తోడు వెళ్ళారు. చెల్లెలు మాగాయ, గోంగూర రెండు సీసాలు కట్టింది. మలయాళం నేర్చుకునే పుస్తకం ఎక్కడ దొరుకుతుందని నన్నడిగితే మా బరంపురంలో వెతికాను, దొరకలేదు. కాకినాడలో దొరికిందట.