బొంగరమును ఉత్తరాయణమును

గడచిన సంక్రాంతి పండుగకు మేము కోనసీమలోని మా యక్కగారి యింటికిఁ బోయియుంటిమి. భోగినాఁటి మధ్యాహ్నము వీధియరుగుమీఁద ఆమె మనుమరాలు, పదియేండ్ల బాలిక, బొంగరము త్రిప్పుచుండెను. "ఆఁడపిల్లకు బొంగరమేమి? లోపలికి వచ్చి ముగ్గుపిండి కలుపుకొనరాదా?" అని యింటిలో నొకరు గదమాయించిరి. బాలిక కదలలేదు. మావైపు తిరిగి, "తాతయ్యా, ఇది ఊరక నిలిపినప్పుడు పడిపోవును. తిరుగునప్పుడు పడదేమి?" అని యడిగెను. మేము ముప్పదియేండ్లు పిల్లలకు భౌతికశాస్త్రము చెప్పినవారము. అయినను "తిరుగుచున్నది గనుకఁ బడదు" అని యొక్క మాటతో ముగించి, చేతిలోని పత్రికను విప్పితిమి. "తిరుగుచున్నదని నేనే చెప్పితిని గదా! ఎందుకని నేనడిగినది" అని యాపిల్ల మరల నడిగెను. మేము సిగ్గుపడి పత్రికను మడిచి ప్రక్కనుంచితిమి.

పెద్దలు పిల్లలకుఁ జెప్పెడి ప్రత్యుత్తరములలో సగము వారి ప్రశ్ననే త్రిప్పి చెప్పుటయే గాని వేఱు గాదు. ఈసారియైన నట్లు చేయరాదని తలఁచి, ఆ బాలికను వెంటఁబెట్టుకొని వంటయింటి వసారాలోనికిఁ బోయితిమి. అక్కడ మూలనున్న తిరుగలిని త్రిప్పుమంటిమి. పిడి అంచున నున్నంతసేపు రాయి సులభముగాఁ దిరిగెను. పిడి నడిమికిఁ దగ్గఱగా నున్నచో నెంత కష్టమో తెలియుటకై నడిమి భాగమునే చేతితోఁ బట్టి త్రిప్పఁ జూడుమంటిమి. చిట్టిచేతులు నొచ్చినవి గాని రాయి కదలలేదు. బలమెంత యన్నదే కాదు, నడిమికి నెంత దూరమున దానిని ప్రయోగించితిమన్నదియు ముఖ్యమే యని యామె తానే గ్రహించెను. కుమ్మరి సారె కంచు బరువుగా నుండుటయు నిందుకే. నడిమికి దూరముగా నున్న బరువు తిరుగుట కాలస్యము చేయును, ఒకసారి తిరిగినపిదప ఆఁగుటకును ఆలస్యము చేయును.

తరువాతఁ బొరుగింటినుండి రెండు కోడిగ్రుడ్లు తెప్పించితిమి. ఒకటి పచ్చిది, ఒకటి యుడికించినది. రెంటిని పళ్లెములోఁ ద్రిప్పఁగా ఉడికినది చురుకుగాఁ దిరిగెను, పచ్చిది తూలుచు మందముగాఁ దిరిగెను. తిరుగుచుండఁగనే రెంటిని వ్రేలితో నొక్క క్షణమాపి విడిచితిమి. ఉడికినది నిలిచిపోయెను. పచ్చిది మాత్రము మరల మెల్లగాఁ దిరుగసాగెను. పెంకు ఆఁగినను లోపలి ద్రవము ఆఁగలేదు గనుక అదియే పెంకును మరల లాగికొనిపోయెను. తిరుగుచున్న వస్తువు తన తిరుగుడును తానై విడువదు. శాస్త్రజ్ఞులు ఈ తిరుగుడు మొత్తమునకుఁ గోణీయ ద్రవ్యవేగమని పేరు పెట్టిరి. అది తన పరిమాణమునే గాక తన అక్షము చూపు దిక్కును గూడఁ దేలికగా విడువదు. బొంగరము రహస్యమంతయు నిందే కలదు.

బొంగరము తూర్పునకుఁ గొంచెము వాలినదనుకొందము. దాని బరువు దానిని మఱింత తూర్పునకుఁ బడద్రోయఁ జూచును. కదలని బొంగరమైనచో ఆ ప్రకారమే పడును. కాని తిరుగుచున్న దానిలో తూర్పుటంచున క్రిందికిఁ ద్రోపు పొందిన భాగము, ఆ త్రోపు ఫలించునంతలోనే ముందునకుఁ గొనిపోఁబడును. ఫలము పావుచుట్టు గడచినపిదప వేఱొక దిక్కునఁ గనఁబడును. గడియారపు ముల్లున కెదురుదిశలోఁ దిరుగు బొంగరమైనచో, తూర్పునఁ బడవలసినది ఉత్తరమునకు వాలును. అక్కడ బరువు లాగఁగాఁ బడమటికి వాలును. ఇట్లు పడఁబోవుచునే పడక, చుట్టును తలయూఁచుచుండును. బాలిక యిది విని పలుమాఱులు త్రిప్పి చూచి, "వేగము తగ్గినకొలఁది తలయూఁపు ఎక్కువగుచున్నది తాతయ్యా" అనెను. అది మేము చెప్పని విషయము. ఆమె కన్నులే చెప్పినవి. తిరుగుడు మందగించినప్పుడు తలయూఁపు త్వరపడును, వెడల్పగును, తుదకు బొంగరము నేలకొరగును.

"భూమియు బొంగరమేనని మా పుస్తకములో నున్నది. అదియుఁ దలయూఁచునా?" అని తరువాతి ప్రశ్న. ఈ ప్రశ్నకుఁ బ్రత్యుత్తరము చెప్పుటకు మన దేశమునుండియే యారంభింపవచ్చును. క్రీస్తుశకము 499లో ఆర్యభటుఁడు, పడవలోఁ బోవువానికి ఒడ్డుననున్న చెట్లు వెనుకకుఁ బోవుచున్నట్లు తోఁచునటులే, కదలని నక్షత్రములు మనకుఁ బడమటికిఁ బోవుచున్నట్లు తోఁచుచున్నవని వ్రాసెను. తరువాత వరాహమిహిరుఁడు, భూమియే తిరుగుచున్నచో ఆకాశమున కెగిరిన పక్షులు తమ గూళ్లకు మరల నెట్లు చేరునని యాక్షేపించెను. గాలియుఁ బక్షియు గూడ భూమితోపాటు సాగిపోవుచున్నవన్నదే దానికి సమాధానము. నడచుచున్న రైలుపెట్టెలో మీఁదికెగురవేసిన నాణెము మరల మన చేతిలోనే పడుట లేదా? కోనసీమ యరుగుమీఁద గూర్చున్న మేమును ఆ బాలికయు గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగమునఁ దూర్పునకుఁ బోవుచునేయుంటిమి. 1851లో ఫూకో అను ఫ్రెంచివాఁడు పారిసు నగరములో 67 మీటర్ల తీగకు బరువైన గుండును వ్రేలాడఁగట్టి యూఁపి, దాని యూఁపుదిశ క్రమముగా మాఱుట ప్రజల కందఱకుఁ గన్నులార చూపెను. దానిక్రింద నేల తిరుగుచుండుటయే ఆ మార్పునకుఁ గారణము.

తడిసిన గొడుగును గిరగిరఁ ద్రిప్పినచో నీటిబొట్లు అంచునుండి చిమ్మును. భూమి తన పదార్థమును ఆకర్షణచే గట్టిగాఁ బట్టుకొనియున్నది గనుకఁ జిమ్మదు గాని, నడుము కొంత యుబ్బినది. మధ్యరేఖయొద్ద దాని వ్యాసార్ధము ధ్రువములయొద్దికంటె సుమారు 21 కిలోమీటర్లు ఎక్కువ. పదిగంటలలోపలనే యొక చుట్టు తిరుగు గురుగ్రహమునకు ఈ యుబ్బు మఱింత హెచ్చు. శనిగ్రహమును దూరదర్శినిలోఁ జూచినచో నొత్తిన లడ్డువలెఁ గానవచ్చును. భూమి నడుముననున్న యీ యుబ్బును సూర్యచంద్రులు లాగి, వాలిన అక్షమును నిలువుగా దిద్దఁ జూచుచున్నారు. తిరుగుచున్న బొంగరమునకువలెనే ఆ లాగుడు ఫలము ప్రక్కకు మరలి తలయూఁపుగాఁ బరిణమించుచున్నది. బొంగరమును బరువు పడద్రోయఁ జూచును, భూమిని సూర్యచంద్రులు నిలుపఁ జూచుదురు. కావుననే భూమి తలయూఁపు దాని తిరుగుడున కెదురుదిశలో నుండును. ఈ కారణమును 1687లో న్యూటను తెలిపెను. ఒక్క తలయూఁపునకుఁ బట్టుకాలము సుమారు 26,000 సంవత్సరములు. కదలనివాఁడని మనము పెండ్లిలోఁ జూపించు ధ్రువుఁడు గూడ ఎల్లకాలమును ధ్రువుఁడు గాఁడు. సుమారు పండ్రెండువేల యేండ్లకు అభిజిత్తు ఆ స్థానమునకుఁ దగ్గఱగా వచ్చును.

ఇఁక మన పండుగకు వత్తము. సూర్యుఁడు దక్షిణపు కొన ముట్టి ఉత్తరమునకు మరలు దినము డిసెంబరు 21 లేక 22. నాఁటినుండియే పగలు పెరుగసాగును. మన మకరసంక్రాంతి మాత్రము నక్షత్రములతో ముడిపడియున్నది. భూమి తలయూఁచుటచే నక్షత్రములతో లెక్కించు సంవత్సరము ఋతువులతో లెక్కించు సంవత్సరముకంటె సుమారు 20 నిమిషములు ఎక్కువగుచున్నది. ఇరువది నిమిషములే గదా యని తలఁపరాదు. డెబ్బదియొకటి, డెబ్బదిరెండేండ్లకు అది యొక దినమగును. సుమారు 1,700 సంవత్సరములక్రింద సంక్రాంతియు సూర్యుని నిజమైన మరలుటయు నొకనాఁడే కలిసియుండినవి. నేఁటికి వాని నడుమ ఇరువదినాలుగు దినముల యెడమేర్పడినది. వివేకానందస్వామి 1863లో సంక్రాంతినాఁడు జన్మించెను. ఆ తేదీ జనవరి 12. నేఁడు మనము జనవరి 14ననో 15ననో పండుగ చేయుచున్నాము. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతను ఏర్పడిన పంచాంగ సంస్కరణసంఘము 1955లో నివేదిక నిచ్చెను. దాని ఫలముగా 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము ప్రభుత్వవ్యవహారములోనికి వచ్చెను. అందులోఁ బుష్యమాసము డిసెంబరు 22తోనే యారంభమగును. లెక్క దిద్దఁబడినది గాని యిండ్లలోనికి రాలేదు.

మేమీ మాటలు చెప్పుచుండఁగా మా యక్క పొయ్యియొద్ద అరిసెలు వండుచు వినుచుండెను. ఆమెకు కుడికన్ను లేదు. ఆ సంగతి యిక్కడ చెప్పక తప్పదు.

1978 డిసెంబరు 24వ తేదీని కళ్లములో ధాన్యము తూర్పారఁబట్టుచుండఁగా ఊకతునుక యొకటి యామె కంటఁ బడెను. అప్పుడామె కిరువదియైదేండ్లు, మాకుఁ బదునెనిమిది. మూఁడవనాఁటికి నల్లగ్రుడ్డుమీఁదఁ దెల్లని మచ్చ కనఁబడెను. ఇంటిలో ఆకుపసరు పోసిరి. పట్టణమునకుఁ గొనిపోయి కంటివైద్యునికిఁ జూపుదమని మా తల్లి బ్రతిమాలెను. మా తాతగారు, "ఇవి దక్షిణాయనము కడపటి దినములు. కంటికిఁ గత్తి తగులునేమో! ఉత్తరాయణ పుణ్యకాలము రానిండు. సంక్రాంతి గడచిన వెంటనే నేనే తీసికొనిపోదును" అనిరి. ఆయన కఠినుఁడు గాఁడు. మనుమరాలిమీఁదఁ బ్రాణము పెట్టుకొన్నవాఁడు. మేమప్పుడు కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చియుంటిమి. సూర్యుఁడు ఆ నెల 22ననే మరలినాఁడని మాకుఁ దెలియును. ఆ విషయమును పరీక్షలో వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవారము. కాని తాతగారి యెదుట నోరు విప్పలేదు. జనవరి 16న చూచిన వైద్యుఁడు, మొదటి వారములోఁ దెచ్చియుండిన కన్ను దక్కియుండెడిదని చెప్పెను.

నలుబదియేండ్లకు మించి మే మీ సంగతిని ఎవ్వరికిని జెప్పలేదు. ఆనాఁడు అక్కయే అరిసెను నూనెలోనుండి తీయుచు, "తమ్ముఁడా, ఈ లెక్కయే నిజమైనచో, నా కంట ఊక పడునప్పటికే ఉత్తరాయణము వచ్చియున్నదన్నమాటయే గదా?" అని యడిగెను.

"ఔనక్కా. రెండుదినములు గడచినవి."

"అప్పుడు నీకుఁ దెలియునా?"

"తెలియును."

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "తాతగారు తెలియక యాపిరి. నీవు తెలిసియు నూరకుంటివి. నేనిన్నియేండ్లును ఆయనమీఁదనే కోపముంచుకొంటిని" అని, పళ్లెము ప్రక్కకు జరిపి, "ఈ పిల్ల యడిగినదెల్ల చెప్పి మఱి పొమ్ము" అనెను. ఇంతకుమించి మమ్ము నేమియు ననలేదు.

చదువరులు మమ్ము క్షమింపవచ్చును, క్షమింపకపోవచ్చును. పంచాంగమున దోషమే లేకున్నను కంటిజబ్బు అయనములకై వేచియుండరాదని వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. కాని మే మా యొక్క మాట చెప్పియుండినచో, తాతగారి నమ్మకమునకు భంగము లేకయే బండి కదలియుండెడిది. చదువుకొన్నవారు ఇంటివారి యజ్ఞానమును నిందింతురు. చదువును పరీక్షాశాలలో విడిచి, యింటి గడపలో మౌనము దాల్చు తమ దోషమును గణింపరు. విద్య మన యిండ్లకుఁ జేరకపోవుటకు మూఢవిశ్వాస మెంత కారణమో, మా వంటివారి పిఱికితనమును అంతే కారణము.

మఱునాఁడు ఉదయము పురోహితుఁడు వచ్చి సంకల్పములో ఉత్తరాయణమని చెప్పఁగనే, ఆ బాలిక బొంగరము చేతఁబట్టుకొని యెదుట నిలిచి, "ఉత్తరాయణము డిసెంబరులోనే వచ్చినది గదా, పంతులుగారూ?" అనెను. ఇంటిలో నిద్దఱు ముగ్గురు ఉలికిపడిరి. మే మాపలేదు. ఆ వృద్ధబ్రాహ్మణుఁడు కోపింపక, చిఱునవ్వు నవ్వి, సంచిలోనుండి పంచాంగము తీసి పుటలు త్రిప్పి, "ఇదిగో అమ్మాయీ, అయనాంశ. ఆ యిరువదినాలుగు దినముల యెడమును దీనినుండి వచ్చినదే. నలుబదియేండ్లుగా ఈ యింటికి వచ్చుచున్నాను. నన్నెవ్వరు నింతవఱకు అడుగలేదు" అనెను.