తుమ్మికి ఒక మూల

పెరట్లో తుమ్మి మొలిస్తే పీకి పారేయడం మన అలవాటు. చూపుకు అది పిచ్చిమొక్కే, కాదనను: మూరెడు ఎత్తు, గరుకు ఆకులు, నలుపలకల కాండం. కానీ కాస్త వంగి కణుపు దగ్గర చూడండి. గుండ్రటి ఆకుపచ్చ గుత్తిలోంచి తెల్లని పూలు తొంగిచూస్తుంటాయి. ఒక్కో పువ్వుకు పై పెదవి చిన్నది, నూగుతో ఉంటుంది. కింది పెదవి వెడల్పు. తేనెటీగ వాలేది ఆ కింది పెదవి మీదే. తేనె కోసం తల దూర్చగానే పైన దాగిన పుప్పొడి దాని ఒంటికి అంటుకుంటుంది. నర్సరీలో కొనే ముద్దపూలలో రేకలే ఎక్కువ, తేనెటీగకు దక్కేది తక్కువ. పైగా తుమ్మి మనకు పరాయి మొక్క కాదు. శివపూజకు ఈ పూలు కోస్తాం, వినాయక చవితినాడు తెలంగాణలో చాలా ఇళ్లలో తుమ్మికూర వండుతారు.

పెరడంతా అల్లుకుపోతుందన్న భయం న్యాయమైనదే. అయితే తుమ్మి ఒక్క ఏడాది మొక్క. గింజ రాలితేనే మళ్లీ మొలుస్తుంది. గుత్తులు ఎండకముందే అక్కర్లేనివి పీకేస్తే సరి, తడినేలలో చేత్తోనే వచ్చేస్తాయి. పొలంగట్ల మీద దొరుకుతుంది కదా అంటారా, అక్కడ ఇప్పుడు కలుపుమందు కొడుతున్నారు. ఈ వానాకాలం ఒక్క మూలనైనా దాన్ని బతకనివ్వండి.