లాగుడు

తెలుగు పండితునికి మోటారుసైకిలు ఇంజనుతో పని యేమిటని మీలో కొందరికి తోచవచ్చును. సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి ముప్పయ్యేళ్ళు గడిపినవాణ్ణే. కాని ఆ ముప్పయ్యేళ్ళూ నా వేళ్ళ సందున సుద్దపొడితో పాటు నూనె మరక కూడ ఉండేది. అది ఎట్లు అంటినదో చెప్పెదను.

1986లో పాడేరుకు ఆవల ఒక లోయలోని ఆశ్రమ పాఠశాలకు నన్ను వేసినారు. బస్సు దినమునకొకటి, వానలు పట్టినచో అదియు లేదు. అప్పుచేసి ఒక పాత బుల్లెట్టు 350 కొన్నాను. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టి, 1955 నుండి మద్రాసులో తయారవుతూ వచ్చిన బండి. దాని సిలిండరు అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు, అందులో పిస్టను నడిచే దూరము 90. అడ్డము తక్కువ, నడక ఎక్కువ. దానికి తోడు బరువైన ఫ్లైవీలు. ఇట్టి ఇంజను పరుగులకు పుట్టినది కాదు, బరువులకు పుట్టినది. నిమిషానికి మూడువేల చుట్లకే తన బలమంతా చూపించి, ఆ పైన ఎంత తరిమినా గోల చేయునే గాని సాయపడదు. ఈ గుణాన్ని ఇంగ్లీషులో టార్కు అందురు. మన పాఠ్యపుస్తకాలు బలభ్రామకమన్నాయి. చోడవరములోని ముసలి మేస్త్రి, మేమందరము సాయిబుగారని పిలిచేవారము, ఆయన దానిని ‘లాగుడు’ అనేవాడు. పండితుణ్ణయినా నాకు ఆయన మాటే నచ్చింది.

నాకప్పుడు శబ్దం మీద మోజు. బండి వస్తున్నదంటే రెండు మలుపుల ముందే తెలియవలెనని కోరిక. సైలెన్సరులోని లోపలి గొట్టం పీకించి, గాలి వడపోత డబ్బా తీయించి, కార్బురేటరులో పెద్ద జెట్టు వేయించి, వేగం కోసం గేరుపెట్టె ప్రక్కనున్న పదహారు పళ్ళ స్ప్రాకెట్టు బదులు పదిహేడు పళ్ళది బిగింపించాలనుకొన్నాను. సాయిబుగారు విని, “కొండ మీద తిరిగే బండికి ఇవన్నీ ఎందుకు బాబూ, నేను చెయ్యను” అన్నాడు. నేను వేరొక ఊరిలో వేరొకరిచేత చేయించుకొన్నాను. ఆ పనివాడు ఇగ్నిషను టైమింగు కూడ కాస్త ముందుకు జరిపి, ఇక చూడండి మేస్టారూ అన్నాడు. చదును రోడ్డు మీద నిజముగానే చూడదగినట్లుండెను.

1989 ఆగస్టులో మా అమ్మాయికి మూడేళ్ళు. మూడు దినములుగా జ్వరము దిగలేదు. మూడవనాటి రాత్రి పలుకు తడబడినది. ఏజెన్సీలో అట్టి జ్వరమనగా ఏమో అక్కడ ఉన్నవారికి చెప్పనక్కరలేదు. పాడేరు చేరవలెనన్న నడుమ ఒక కొండ ఎక్కి దిగవలెను. తెల్లవారకమునుపే బిడ్డను ఒడిలో పెట్టుకొని నా భార్య వెనుక కూర్చున్నది. రెండవ మలుపులో, మొదటి గేరులో, బండి ఆగిపోయినది. ఆగుటకు ముందు ఇంజను లోపల ఎవరో చిన్న సుత్తితో కొట్టినట్లు టకటకమన్నది. బండి వెనక్కు జారుచుండగా కాలూని నిలబెట్టితిని. కిక్కు కొట్టగా పెడల్ ఎదురు తన్నింది. రెండవసారి తన్నినప్పుడు చీలమండ వాచి కాలు నేల మోపలేకపోయితిని. నా భార్య ఏమీ అనక బిడ్డను భుజాన వేసుకొని వానలో పైకి నడచినది. నేను ఆ మలుపులో, అంత పెద్ద గొంతుగల బండి ప్రక్కన కూర్చుంటిని. చాలసేపటికి ఒక జీపు వచ్చినది. తొమ్మిది దినముల తరువాత అమ్మాయి లేచి కూర్చున్నది. ఆనాటి సంగతి నా భార్య నేటివరకు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కాలు బాగుపడిన పిమ్మట బండిని లారీపై వేయించి చోడవరం తీసికొనిపోతిని. సాయిబుగారు నన్ను దెప్పలేదు. “గొంతు పెంచేరు, ఊపిరి తీసేసేరు” అని మాత్రమన్నాడు. “మీరు అడిగింది చేసేడు వాడు. వాడి తప్పేటి?” అని ప్రక్కన కూర్చోబెట్టుకొని రెండు దినములు పని నేర్పినాడు.

మొదట తెలిసినది, నేను మార్పించిన పెద్ద జెట్టుకు కొండతో సంబంధమే లేదని. త్రాటిలు ముప్పాతికకు మించి విప్పినప్పుడే దానికి పని. కొద్దిగా విప్పినప్పుడు పెట్రోలు పోసేది పైలట్ జెట్టు. పావు నుండి ముప్పాతిక వరకు సూది. ఆయన సూది క్లిప్పును ఒక గాడి క్రిందికి దించి సూదిని పైకెత్తినాడు. నడిమి పట్టున ఇంజనుకు కాస్త చిక్కని మిశ్రమము అందినది. వడపోత డబ్బా తిరిగి పెట్టినాడు. గాలి ఇరుకు దారిన పోయినప్పుడే వడిగా పోవును, వడిగా పోయినప్పుడే పెట్రోలును తుంపరగా చీల్చును. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు వెడల్పు దారి చేటు. సైలెన్సరు సంగతి ఇంతే. రెండు వాల్వులూ కలిసి తెరచియుండే క్షణమొకటి ఉన్నది. వెనుక తలుపు బార్లా తీసినచో ఆ క్షణములో కాలని తాజా మిశ్రమము కొంత పొగతో పాటే వెళ్ళిపోవును.

తరువాత టప్పెట్లు. ఇంజను చల్లగా ఉండగా పుష్‌రాడ్డు వేళ్ళతో సులువుగా తిరగవలెను, పైకీ క్రిందికీ మాత్రము ఆడరాదు. పాయింట్ల ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల లోపల. చివరకు టైమింగు. ప్లగ్గు రంధ్రములో సైకిలు చువ్వ దించి, పిస్టను శిఖరానికి 0.8 మిల్లీమీటరు దూరముండగా పాయింట్లు విడవలెను. వాటి నడుమ సిగరెట్టు కాగితము పెట్టి మెల్లగా లాగుచుండవలెను. కాగితము జారిన క్షణమే విడిన క్షణము. నా బండిలో అది చాల ముందుగా జారినది. పైగా అడ్వాన్సు యూనిట్టు స్ప్రింగులు సాగిపోయి, వేగములో జరగవలసిన ముందడుగు నెమ్మదిలోనే జరుగుచున్నది. పిస్టను ఇంకా పైకి వచ్చుచుండగానే పేలిన మంట దానిని వెనక్కు నెట్టుట వలననే ఆ టకటక, ఆ ఎదురు తన్ను. పదహారు పళ్ళ స్ప్రాకెట్టు వెనుకకు వచ్చుటతో పై వేగము కాస్త తగ్గి, చక్రము వద్ద లాగుడు నూటికి ఆరు పాళ్ళు పెరిగినది.

ఇక మిగిలినది చెవి పని. ఇంజను వేడెక్కిన తరువాత గాలి స్క్రూ పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు త్రిప్పి వినవలెను. ఇరవై యేళ్ళ వయసులో గణవిభజన నేర్చిన చెవి నాది. గురువెక్కడ, లఘువెక్కడ, యతి ఎక్కడ తప్పినదో ఇట్టే పట్టుకొనునని గర్వము. సాయిబుగారు నవ్వి, నా చేయి పట్టి టాంకీ మీద పెట్టినాడు. ఇక్కడ వినాలి అన్నాడు.

ఆయన ఇప్పుడు లేడు. ఆ మలుపు మాత్రమున్నది. బాగుచేయించిన వారమే నేనొక్కణ్ణే, వెనుక రెండు బియ్యపు బస్తాలు కట్టుకొని అదే మలుపు ఎక్కి చూచినాను. బండి ఎక్కినది. పైన ఆగి చాలసేపు దిగలేదు.

పదవీవిరమణ తరువాత ఎడమచెవి బొత్తిగా వినబడుట లేదు, కుడిచెవి సగము. మొన్న వేసవిలో అమ్మాయి వచ్చినప్పుడు బండి తీసితిమి. స్క్రూ ఆమె త్రిప్పుచుండగా నేను టాంకీ మీద చేయి పెట్టి నిలబడితిని.

“ఇప్పుడెలా ఉంది నాన్నా?” అని అరచి అడిగినది.

“ఇంకొక పావు చుట్టు వెనక్కు” అన్నాను.