అత్తయ్య చేతి కాఫీ

మోకీలు మార్పిడి ఆపరేషనంటే డాక్టరు చేసేది సగమే, మిగతా సగం ఇంట్లో జరుగుతుందని మా అత్తయ్యగారిని చూశాక తెలిసింది. 68 ఏళ్ల మనిషి. ఆపరేషనైన మర్నాడే వాకరిచ్చి నాలుగడుగులు వేయించారు. ఇంటికొచ్చాక చుట్టాలంతా "పెద్దావిడ, కదలనివ్వకండి" అన్నవాళ్లే. ఆవిడ మాత్రం, "మంచినీళ్లకి కూడా ఒకరిని పిలవాలంటే ఇంత కోత కోయించుకున్నదెందుకమ్మా?" అన్నారు. నిజమే కదండీ!

అందుకే ఆవిడ పనులు మాన్పించలేదు, ఇల్లే కాస్త మార్చాం. జారే కాళ్లపట్టాలు తీసేశాం. బాత్‌రూము గోడకి రాడ్డు బిగించాం. కింద కూర్చోవద్దన్నారు కనుక పూజకి పీట బదులు ఎత్తు కుర్చీ వేశాం. పడుకున్నప్పుడు దిండు మోకాలి కింద కాదు, మడమ కింద పెట్టాలి. అప్పుడే కాలు తిన్నగా చాపుకొస్తుంది. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. వ్యాయామాలప్పుడు కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పెడితే, కాసేపాగి మళ్లీ మొదలెట్టేవారు. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసమొచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఆరోవారంలో స్టవ్ దగ్గర నిలబడి తన కాఫీ తనే కలుపుకున్నారు, నాకూ ఒక గ్లాసు ఇచ్చారు! మూడోనెలకి కర్ర లేకుండా వీధిచివర గుడికి వెళ్లొచ్చారు. వాపు పూర్తిగా తగ్గడానికి ఇంకొన్ని నెలలు పడుతుందట. పట్టనివ్వండి.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఆపరేషనైతే, అన్నీ చేతికి అందించకండి. పక్కన నిలబడి, వాళ్లనే చేసుకోనివ్వండి.