అటక మీది అట్టపెట్టె

భోగి ముందు మా ఇంట్లో ఏటా ఒకటే తంతు. అటక మీదవన్నీ నేను దించడం, అత్తయ్యగారు "ఉంచమ్మా" అనడం, మళ్ళీ ఎక్కించడం! ఈసారి మాత్రం ఒక చెప్పుల అట్టపెట్టె దగ్గర నేను పట్టుబట్టాను. నిండా ఫ్లాపీలు, ఇరవై నాలుగు. మామయ్యగారు తొంభైల్లో ఇంట్లోనే డీటీపీ పని చేసేవారు. ఆయన పోయి పదకొండేళ్ళు.

"ఇప్పుడివి ఎందుకండీ?" అన్నాను.

"అందులో మా అమ్మ పాటలున్నాయే" అన్నారావిడ, మెల్లగా.

నాకు తెలీనే తెలీదు. వాళ్ళమ్మగారి పెళ్ళిపాటలు, మంగళహారతులు అత్తయ్యగారు చెబుతుంటే మామయ్యగారు టైపు చేశారట. కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి.

మా అబ్బాయి ఉత్సాహంగా పాత కంప్యూటర్ కూడా దించేశాడు. కంప్యూటర్లు బాగుచేసే మా తమ్ముడు ఫోన్లోనే గట్టిగా ఆపాడు. "ఏదీ పెట్టకండి. ముందు ఫ్లాపీకి ఉన్న రేకు పక్కకి జరిపి, వెలుతుర్లో లోపలి బిళ్ళ చూడండి" అన్నాడు.

చూస్తే ఏడింటి మీద తెల్లటి మచ్చలు. బూజు! ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు తిరుగుతుందట, డ్రైవ్‌లోని హెడ్ దానికి ఆనుకునే ఉంటుందట. బూజు ఆ హెడ్‌కి అంటితే, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీలూ గీసుకుపోతాయి. బూజు పట్టిన ఆవకాయలో పెట్టిన గరిటె పక్క జాడీలో పెట్టినట్టే అనుకోండి. ఈ ముక్క నాకు వెంటనే అర్థమైంది.

ఆదివారం తమ్ముడొచ్చాడు. డ్రైవ్ విప్పి, గట్టిపడిన గ్రీజు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్ సుతారంగా తుడిచాడు. ఫ్లాపీల మూల ఉండే చిన్న మీట జరిపి కన్నం తెరిచాడు. అలా తెరిస్తే పొరపాటున కూడా పాతది చెరిగిపోదు. మంచివి ముందు, బూజువి తుడిచి పూర్తిగా ఆరాక చివర్లో పెట్టాడు. "అత్తయ్య పాటలు" అని మామయ్యగారి చేతిరాతతో ఉన్నది ఆ ఏడింట్లోనే ఉంది.

అది తెరుచుకుంది! కానీ తెర మీద అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. అప్పటి తెలుగు ఫాంట్లు ఇప్పటి యూనికోడ్ కావు కదా. అదృష్టం, ఆ ఫాంటు ఇంకో ఫ్లాపీలో దొరికింది. అది వేయగానే గజిబిజంతా తెలుగైపోయింది. అత్తయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

మొత్తం పదకొండు పాటలు. రెండు సగంలోనే తెగిపోయాయి. ఒకటి ఆవిడ పాడి పూరిస్తే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండో దానికి చివరి చరణం ఎంతకీ రాలేదు. "అయిదేళ్ళ కిందట అడిగితే చెప్పేదాన్నే" అన్నారు.

ఆ మాట ఇంకా గుచ్చుతోంది. బీఏలో జానపద గేయాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నదాన్ని, పక్కగదిలో ఉన్న పాటల్ని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడా ఫ్లాపీలు అటక వేడిలో లేవు. బీరువాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో నిలబెట్టి ఉన్నాయి. స్పీకర్ల అయస్కాంతానికి దూరంగా పెట్టాం. పాటల నకళ్ళు రెండు చోట్ల దాచాం.

మీ అటక మీదా ఇలాంటి పెట్టె ఉంటే, పారేసేముందు అందులో ఏముందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. పెట్టె లేకపోయినా అడగండి.